యూకే బయోబ్యాంక్ డేటాతో పని – 3వ పాఠం: పాత స్క్రిప్టును ప్లాట్‌ఫామ్ మీదికి తేవడం

మొదటి రెండు పాఠాల్లో ఖాతా తెరిచాం, మన అప్లికేషన్‌కి (డేటా కోసం పెట్టుకున్న పరిశోధన దరఖాస్తుకి) మంజూరైన డేటాను ప్రాజెక్టులోకి రప్పించుకున్నాం, జూపిటర్‌ల్యాబ్ (బ్రౌజర్‌లోనే కోడ్ రాసి నడిపే చోటు) తెరిచి మూసి చూశాం. ఈ పాఠం ముఖ్యంగా ఇదివరకే డేటా డౌన్‌లోడ్ చేసుకుని సొంత సర్వర్ మీద పనిచేసినవాళ్ల కోసం. కొత్తవాళ్లు కూడా దాటేయకండి. మీ గైడ్ "ఇదిగో, దీన్ని వాడుకో" అని ఇచ్చే స్క్రిప్టు చాలావరకు ఆ పాత రోజుల్లో రాసిందే అయి ఉంటుంది.

నేపథ్యం రెండు ముక్కల్లో చెప్పుకుందాం. ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్‌లలో 40 నుంచి 69 ఏళ్ల మధ్య ఉన్న సుమారు 5 లక్షల మందిని 2006–2010 మధ్య చేర్చుకుని కట్టిన ఆరోగ్య, జన్యు సమాచార భాండాగారం యూకే బయోబ్యాంక్. చాలా ఏళ్లపాటు పరిశోధకులకు ఒక ఎన్‌క్రిప్ట్ చేసిన ఫైలు, దాన్ని తెరిచే కీ ఫైలు వచ్చేవి. వాటిని విప్పి సీఎస్‌వీ (కామాలతో విడగొట్టిన పట్టిక) ఫైలుగానో ఆర్ (గణాంకాల ప్రోగ్రామింగ్ భాష) ఫైలుగానో మార్చుకునేవాళ్లం. ఆ పద్ధతి రెండు కారణాల వల్ల నిలవలేదు. ఒకటి, సైజు. 5 లక్షల మంది పూర్తి జీనోమ్ సీక్వెన్సులు 2023 నవంబరులో విడుదలయ్యాయి, లెక్క పెటాబైట్లలో ఉంటుంది. వాటిని దించుకోగల విశ్వవిద్యాలయ సర్వర్లు ఎన్ని ఉంటాయి? రెండోది, కాపీల బెడద. ఒకసారి ఫైలు బయటికి వెళ్లాక అది ఎన్ని ల్యాప్‌టాపుల్లో, ఎన్ని బ్యాకప్‌లలో ఉందో ఎవరూ చెప్పలేరు. అందుకే 2021లో డీఎన్‌ఏనెక్సస్ వాళ్ల సాంకేతికతతో, అమెజాన్ క్లౌడ్ మీద రీసెర్చ్ అనాలిసిస్ ప్లాట్‌ఫామ్ వచ్చింది. డేటా అక్కడే ఉంటుంది, మనమే దాని దగ్గరికి వెళ్లి పనిచేసుకుంటాం. మీరు లండన్‌లో ఉన్నా, హైదరాబాద్‌లో ఉన్నా తేడా లేదు.

ఈ పాఠానికి ఒక చిన్న ప్రాజెక్టును ఉదాహరణగా పెట్టుకుందాం: జాతి మూలం "భారతీయ" అని చెప్పినవాళ్లలో సగటు సిస్టోలిక్ రక్తపోటు (రీడింగ్‌లో పై అంకె) ఎంత, డయాబెటిస్ ఉందని డాక్టరు చెప్పినవాళ్లు ఎంతమంది? యూకే బయోబ్యాంక్‌లో ఒక్కో సమాచారానికి ఒక్కో నంబరు ఉంటుంది, దాన్నే ఫీల్డ్ అంటారు. జాతి మూలం ఫీల్డ్ 21000, అందులో భారతీయ కోడ్ 3001. (గుజరాతీ, పంజాబీ, తెలుగు అందరూ ఆ ఒక్క కోడ్‌లోనే ఉంటారు. ఫలితాన్ని "తెలుగువాళ్ల రక్తపోటు" అని రాసేసే ఉత్సాహం ఆపుకోవాలి.) మనకు కావలసిన మిగతా ఫీల్డులు: లింగం 31, చేరేనాటి వయసు 21022, యంత్రంతో తీసిన సిస్టోలిక్ 4080, చేత్తో తీసిన సిస్టోలిక్ 93, డాక్టరు చెప్పిన డయాబెటిస్ 2443, ఆసుపత్రి రికార్డుల్లోని ఐసీడీ–10 కోడ్‌లు (జబ్బులకు అంతర్జాతీయంగా వాడే కోడ్‌లు) 41270.

పెట్టెలో ఏం సర్దాలి

పాత ఫోల్డర్ మొత్తాన్ని అప్‌లోడ్ చేసేద్దాం అనిపిస్తుంది. వద్దు. స్క్రిప్టులు, ఫీల్డుల జాబితా, మీరు తయారుచేసుకున్న ఐసీడీ కోడ్‌ల జాబితాలు, పాత ఫలితాల పట్టిక ఉంటే చాలు. ఆఖరిది చాలామంది మరిచిపోతారు. పాత సగటులు, పాత మొత్తాలు చేతిలో లేకపోతే కొత్తచోట వచ్చిన జవాబు సరైనదో కాదో పోల్చుకోవడానికి ఏమీ మిగలదు. ఒక్కో మనిషికి ఒక్కో వరుస ఉన్న పాత ఫైళ్లను మాత్రం మోసుకెళ్లకండి. ఎప్పుడో ఎవరో శుభ్రం చేసిన ఫైలు మీద పని కొనసాగిస్తే దాన్ని ఏ నియమాలతో శుభ్రం చేశారో మీకెప్పటికీ తెలియదు. ముడి డేటా నుంచి స్క్రిప్టుతో మళ్లీ తయారు చేసుకోవడమే మేలు. పైగా ఆ పాత ఫైళ్లలో, అధ్యయనం నుంచి తర్వాత తప్పుకున్నవాళ్ల వరుసలు కూడా ఉండొచ్చు.

అప్‌లోడ్‌కి డీఎక్స్ (డీఎన్‌ఏనెక్సస్ వాళ్ల కమాండ్ పనిముట్టు) అప్‌లోడ్ కమాండ్ సరిపోతుంది. ఇక్కడ ఒక చిక్కుంది. ఈ ప్లాట్‌ఫామ్‌లో ఒకసారి చేరిన ఫైలును దిద్దడం కుదరదు. అదే పేరుతో మళ్లీ అప్‌లోడ్ చేస్తే పాతది పోదు, ఒకే పేరుతో రెండు ఫైళ్లు పక్కపక్కన కూర్చుంటాయి. మీ నోట్‌బుక్ (జూపిటర్‌లో కోడ్ రాసే ఫైలు) ఏది చదువుతోందో తెలియక బుర్ర వేడెక్కుతుంది. పాతది తీసేసి కొత్తది పెట్టండి, లేదా పేరులో తేదీ చేర్చండి. అలాగే జూపిటర్‌లో కనిపించే ప్రాజెక్టు ఫోల్డర్ చదవడానికి మాత్రమే, అందులోకి రాయలేం. సెషన్ మొదలైనప్పుడు ప్రాజెక్టులో ఏముందో అదే చూపిస్తుంది కాబట్టి తర్వాత అప్‌లోడ్ చేసినవి అక్కడ కనిపించకపోతే కంగారు పడకండి.

కాలమ్ పేర్లు

అసలు పనంతా ఇక్కడే. పాత ఆర్ ఫైలులో సిస్టోలిక్ మొదటి రీడింగ్ పేరు ఎఫ్.4080.0.0 అని ఉండేది. సీఎస్‌వీలో 4080-0.0. కొత్త ప్లాట్‌ఫామ్‌లో అదే పీ4080_ఐ0_ఏ0. (ఇక్కడ తెలుగులో రాసిన అక్షరాలను మీరు ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో టైప్ చేయాలి.)

పీ తర్వాత ఉన్నది ఫీల్డ్ నంబరు. ఐ తర్వాతది ఎన్నో హాజరు అన్నది: 0 అంటే 2006–2010లో మొదటిసారి వచ్చినప్పుడు, 1 అంటే 2012–13లో కొందరిని మళ్లీ పిలిచినప్పుడు, 2 అంటే 2014లో మొదలైన స్కానింగ్ సందర్శన, 3 అంటే రెండోసారి స్కానింగ్. ఏ తర్వాతది అదే హాజరులో ఎన్నో రీడింగ్ అన్నది. రక్తపోటు రెండుసార్లు చూస్తారు కనుక ఏ0, ఏ1 రెండూ ఉంటాయి.

దీన్ని చూడగానే అందరికీ వచ్చే ఆలోచన ఒకటే: చుక్కలు తీసేసి ఐ, ఏ పెట్టే చిన్న ఫంక్షన్ రాసేద్దాం. రాస్తే సగం కాలమ్‌లు దొరకవు. ఎందుకంటే ప్లాట్‌ఫామ్ అక్కర్లేని తోకలు తగిలించదు. లింగం మారే విషయం కాదు, రెండుసార్లు కొలిచేదీ కాదు, కాబట్టి దాని పేరు వట్టి పీ31. డయాబెటిస్ ప్రశ్నను ప్రతి హాజరులో అడుగుతారు కానీ జవాబు ఒక్కటే, కనుక పీ2443_ఐ0. మన ఉదాహరణలో పేర్లు ఇలా మారతాయి:

ఎఫ్.31.0.0 – పీ31
ఎఫ్.21022.0.0 – పీ21022
ఎఫ్.21000.0.0 – పీ21000_ఐ0
ఎఫ్.2443.0.0 – పీ2443_ఐ0
ఎఫ్.4080.0.1 – పీ4080_ఐ0_ఏ1

ఊహించడం మానేసి నిఘంటువును అడగడం దారి. డీఎక్స్ ఎక్స్‌ట్రాక్ట్ డేటాసెట్ కమాండ్‌కు డేటా డిక్షనరీ ఇమ్మనే ఆప్షన్ ఉంది. దాన్ని నడిపితే మీ ప్రాజెక్టులో ఉన్న కాలమ్ పేర్లన్నీ ఒక సీఎస్‌వీగా వస్తాయి. ఇక మీ ఫంక్షన్ ప్రతి పాత పేరుకూ నాలుగు కొత్త పేర్లు తయారు చేయాలి: పూర్తి పేరు, ఏ లేని పేరు, ఐ లేని పేరు, ఐ ఏ రెండూ లేని పేరు. ఆ వరుసలో చూస్తూ పోయి, డిక్షనరీలో మొదట దొరికినదాన్ని తీసుకోవాలి. నాలుగూ దొరక్కపోతే అక్కడే ఆగి ఎర్రర్ ఇవ్వాలి. ఈ చివరి మాట నిర్లక్ష్యం చేయకండి. దొరకని కాలమ్‌ను మౌనంగా వదిలేసే స్క్రిప్టు మూడు వారాల తర్వాత టెన్షన్ పెడుతుంది. అలా దొరకకపోవడానికి మామూలు కారణం, ఆ ఫీల్డ్ మీ అప్లికేషన్‌కి మంజూరై ఉండకపోవడం.

టేబుల్ ఎక్స్‌పోర్టర్ అనే పనిముట్టుతో డేటా తీస్తే, పట్టిక పై వరుసలో పాత సీఎస్‌వీ తరహా పేర్లే కావాలని కోరవచ్చు. రేపే గడువు ఉంటే అలా చేసి గట్టెక్కండి. లేదంటే స్క్రిప్టును కొత్త పేర్లకు మార్చేయడమే మంచిది, ఎందుకంటే జూపిటర్‌లో నేరుగా తీసేటప్పుడు కొత్త పేర్లే వస్తాయి. అప్పుడు పేరు ముందు "పార్టిసిపెంట్" అన్న మాట, ఒక చుక్క కూడా తగులుతాయి. వాటిని కోసేయాలి.

కొందరి స్క్రిప్టుల్లో పేర్లే ఉండవు, "12, 13 కాలమ్‌ల సగటు" అని ఉంటుంది. అలాంటిది కనిపిస్తే పనంతా ఆపి ముందు దాన్ని మార్చండి. కొత్తచోట కాలమ్‌ల వరుస వేరు. ఎర్రర్ రాదు, ఏదో ఒక సగటు వస్తుంది, అది నమ్మేలా కూడా ఉండొచ్చు.

ఎర్రర్ ఇవ్వని తప్పులు

టేబుల్ ఎక్స్‌పోర్టర్ ఇంకో ప్రశ్న అడుగుతుంది: కోడ్‌లను ఉన్నవి ఉన్నట్టు ఇవ్వాలా, వాటి బదులు అర్థాలు పెట్టాలా? అర్థాలు ఎంచుకుంటే 3001 స్థానంలో ఇంగ్లీషు మాట వస్తుంది. మీ పాత స్క్రిప్టు 3001 కోసం వెతికి సున్నా మందిని తెస్తుంది. సున్నా వస్తే అదృష్టమే, తప్పు వెంటనే తెలుస్తుంది. డయాబెటిస్ సంగతి అలా కాదు. అక్కడ –1 అంటే తెలియదు, –3 అంటే చెప్పడం ఇష్టం లేదు. "సున్నా కంటే తక్కువైతే ఖాళీగా లెక్కించు" అని రాసుకున్న పాత వాక్యం మాటల మీద పనిచేయదు, ఆ జవాబులు ఏదో ఒక గుంపులో కలిసిపోతాయి. ముడి కోడ్‌లే తీసుకోండి. అర్థాలు ఆఖరి పట్టికలో పెట్టుకోవచ్చు.

ఐసీడీ–10 కోడ్‌ల ఫీల్డ్ 41270 ఆకారమే మారింది. పాత ఫైలులో ఒక్కో రోగనిర్ధారణకు ఒక్కో కాలమ్ చొప్పున వందలకొద్దీ ఉండేవి. ఇప్పుడు ఒకే కాలమ్, ఒక్కో గడిలో ఆ మనిషికి ఉన్న కోడ్‌లన్నీ జాబితాగా ఉంటాయి. వాటి తేదీలు, అంటే ఫీల్డ్ 41280, మాత్రం ఇంకా విడివిడి కాలమ్‌లే. జాబితాలో ఎన్నో కోడో, అదే స్థానంలోని తేదీ కాలమ్ దానిది. లెక్క 0 నుంచి మొదలవుతుంది. ఆర్ వాడేవాళ్లు 1 నుంచి లెక్కపెడతారు కాబట్టి జాగ్రత్త. ఒక్క అంకె జారితే ప్రతి జబ్బుకూ పక్క జబ్బు తేదీ అంటుకుంటుంది. జాబితాలో కోడ్‌ల మధ్య ఏ గుర్తు ఉంటుందన్నది మీరు డేటా తీసిన దారిని బట్టి మారుతుంది. స్క్రిప్టు రాసేముందు నాలుగు గడులు తెరిచి కళ్లతో చూడండి.

ఇక ఈఐడీ. ఒక్కో వ్యక్తికి ఇచ్చే ఈ గుర్తింపు సంఖ్య అప్లికేషన్‌ను బట్టి మారుతుంది. మీది అదే అప్లికేషన్ అయితే పాత సంఖ్యలే పనిచేస్తాయి. చదువు పూర్తయి ఇంకో ల్యాబ్‌కి, ఇంకో అప్లికేషన్‌కి మారినవాళ్లు పాత ఈఐడీల జాబితాను కొత్త డేటాతో కలపకూడదు. కలిపితే ఏమీ రాదనుకుంటారు, కానీ రెండుచోట్లా ఏడంకెల సంఖ్యలే కనుక కొన్ని యాదృచ్ఛికంగా కలుస్తాయి. అలా కలిసినవాళ్లు వేరే మనుషులు. నిజంగా కలపాల్సి వస్తే యూకే బయోబ్యాంక్ అనుమతితో ఇచ్చే బ్రిడ్జ్ ఫైలు (రెండు అప్లికేషన్ల ఈఐడీలను జతచేసేది) కావాలి.

పాత అంకె, కొత్త అంకె

స్క్రిప్టు నడిచాక పాత పట్టిక పక్కన పెట్టుకోండి. అంకెలు అచ్చుగుద్దినట్టు సరిపోవాలని పట్టుబట్టకండి, ఏ తేడా ఎటువైపు ఉందో చూడండి. వయసు, లింగం, మొదటి హాజరు నాటి రక్తపోటు ఉన్నవాళ్ల సంఖ్య కాస్త తగ్గవచ్చు, ఎందుకంటే మధ్యలో కొందరు తప్పుకుని ఉంటారు. ఆ సంఖ్య పెరిగితే మాత్రం అనుమానించాలి. 2010 నాటికే చేరికలు ముగిసిన అధ్యయనంలోకి కొత్తవాళ్లు ఎక్కడి నుంచి వస్తారు? ఎక్కడో వరుసలు రెట్టింపయ్యాయి, లేదా పాత స్క్రిప్టు వదిలేసినవాళ్లను కొత్తది కలుపుకుంది. ఆసుపత్రి రికార్డుల నుంచి వచ్చే జబ్బుల లెక్క దీనికి ఎదురు. అది కాలంతో పెరుగుతుంది, ఎందుకంటే రికార్డులను కొత్త తేదీల వరకు చేరుస్తూనే ఉంటారు. పాతదానితో పోల్చాలంటే పాత డేటా ఏ తేదీ దగ్గర ఆగిందో అక్కడే కొత్తదాన్నీ కత్తిరించండి.

మన ఉదాహరణలో సగటు రక్తపోటు తేడా వస్తే ముందు చూడాల్సింది ఫీల్డ్ 93. యంత్రం రీడింగ్ లేనివాళ్లకు చేతి రీడింగ్ వాడారా లేదా అన్నది పాత స్క్రిప్టులో ఎక్కడో మూలన ఉంటుంది.

డబ్బు సంగతి టూకీగా. యూకే బయోబ్యాంక్ ఇచ్చిన డేటా నిల్వకు మీరు కట్టక్కర్లేదు. మీరు తయారుచేసిన ఫైళ్ల నిల్వకు, కంప్యూటర్ నడిచిన సమయానికి కడతారు. మన ఉదాహరణకు 4 కోర్ల చిన్న మెషీన్ చాలు. ప్రయారిటీ "లో" పెడితే చవక, కానీ మధ్యలో ఆపేసి మళ్లీ మొదలుపెట్టే అవకాశం ఉంది. రాత్రంతా నడిచే పనులకు ఫర్వాలేదు, కూర్చుని నోట్‌బుక్‌లో పనిచేసేటప్పుడు "హై" పెట్టండి. సెషన్ గడువు ముగిస్తే మెషీన్‌తో పాటు దాని డిస్కు కూడా పోతుంది, ప్రాజెక్టులోకి అప్‌లోడ్ చేయని ఫైళ్లు దొరకవు.

ఫలితాలు బయటికి తెచ్చుకునేటప్పుడు పట్టికలు, గ్రాఫులు మాత్రమే తెచ్చుకోవాలి, వ్యక్తుల వరుసలు కాదు. ఈ నియమం అందరికీ తెలుసు, అయినా నోట్‌బుక్ దగ్గర దొరికిపోతారు. టేబుల్ మొదటి ఐదు వరుసలు చూసుకుని అలాగే సేవ్ చేసి, కోడ్ పంచుకుందామని గిట్‌హబ్‌లో పెడితే ఆ ఐదుగురి వివరాలూ లోకానికెక్కుతాయి. పంపేముందు అవుట్‌పుట్‌లన్నీ తుడిచేయండి. పట్టికలో ఒక గడిలో ఇద్దరు ముగ్గురే మిగిలితే వయసు గుంపులు కలిపి పెద్దవి చేయండి. భారతీయ మూలం ఉన్నవాళ్లు 5 లక్షల్లో చిన్న భాగమే కనుక వయసు, లింగం, డయాబెటిస్ మూడింటితో విడగొట్టేసరికి అలాంటి గడులు మీకు తప్పకుండా ఎదురవుతాయి.

అభ్యాసం

పైన ఇచ్చిన ఏడు ఫీల్డులకు పాత పేర్ల జాబితా మీరే రాసి, నాలుగు పేర్ల ఫంక్షన్‌తో కొత్త పేర్లు రాబట్టండి. జాబితాలో మీకు మంజూరు కాని ఒక ఫీల్డ్ కావాలని చేర్చి, ఫంక్షన్ ఆగుతుందో లేదో చూడండి. తర్వాత 3001 కోడ్ ఉన్నవాళ్ల సగటు సిస్టోలిక్‌ను రెండు విధాలుగా లెక్కించండి: ఒకసారి 4080 ఒక్కదానితో, ఇంకోసారి లేనిచోట 93 కలిపి. రెండు సగటులూ, రెండింటిలో ఎంతమంది ఉన్నారన్నదీ రాసి ఉంచుకోండి.

4వ పాఠంలో ఇదే లెక్కను నోట్‌బుక్ తెరవకుండా స్విస్ ఆర్మీ నైఫ్ అనే యాప్‌తో బ్యాచ్‌గా నడుపుతాం. ఆ అంకెలు అక్కడ కావాలి.