పిల్లల మాట వినడం – నాలుగో పాఠం: ఒట్టు వేయకూడని చోటు

గత పాఠంలో, కొన్నాళ్లుగా ముభావంగా ఉంటున్న ఒక విద్యార్థితో పది నిమిషాలు విడిగా మాట్లాడి రమ్మన్నాను. చాలామంది ఆ పిల్లవాణ్ణి స్టాఫ్‌రూమ్‌కు పిలిపించారట. అక్కడికి పిలుపు వచ్చిందంటే ఏదో తప్పు చేశామనే పిల్లలు అనుకుంటారు, కాబట్టి "ఏమీ లేదు సార్" తప్ప వేరే జవాబు రాకపోవడంలో వింత లేదు. ఎక్కడ మాట్లాడాలో చెప్పకుండా వదిలేసిన తప్పు నాది. భోజనం తర్వాత కుళాయి దగ్గర కంచం కడుగుతున్నప్పుడో, ల్యాబ్‌లో సామాను సర్దుతున్నప్పుడో పక్కన నిలబడి మాట కలపండి. నేనైతే పుస్తకాల బీరువా సర్దడానికి సాయం అడుగుతాను. ఆ బీరువాను ఏడాదికి ఎన్నిసార్లు సర్దించానో లెక్క లేదు.

మాట కలిసిన వారికి ఇంకో చిక్కు వచ్చింది. "ఎవరికీ చెప్పనంటే ఒకటి చెప్తాను టీచర్" అని పిల్లలు అడగగానే, దాదాపు అందరూ "ఒట్టు, చెప్పను" అనేశారు. ఈ పాఠమంతా ఆ ఒక్క మాట గురించే.

చాలా ఏళ్ల క్రితం తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె, పెన్ను మూతను తిప్పుతూ తిప్పుతూ, నన్నూ ఇదే అడిగింది. నేనూ ఒట్టు వేశాను. ఆ తర్వాత ఆమె చెప్పినది నాలో దాచుకోదగినది కాదు. మర్నాడే పెద్దలకు చెప్పాను. చెప్పడం సరైన పనే, కానీ ఆ ఏడాది చివరి దాకా ఆ అమ్మాయి హాజరు పలకడానికి తప్ప నాతో నోరు విప్పలేదు.

పైగా ఆ ఒట్టు చట్టం ముందు నిలవదు. పిల్లలపై లైంగిక వేధింపు సంగతి తెలిసినవారు ఎవరైనా పోలీసులకు తెలియజేయాలని, లైంగిక నేరాల నుంచి పిల్లలను కాపాడే 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ చెబుతుంది. తెలియజేయకపోవడం 21వ సెక్షన్ కింద నేరం. తనను తాను గాయపరచుకుంటున్నానని గానీ, చచ్చిపోవాలనిపిస్తోందని గానీ పిల్లలు చెప్పినప్పుడు దాన్ని ఒక్కరమే మోయడం మనకూ వారికీ ప్రమాదం. అనుమానం కలిగితే "చచ్చిపోవాలనిపిస్తోందా నాన్నా?" అని సూటిగానే అడగండి, అడిగినందువల్ల లేని ఆలోచన పుట్టదు.

ఒట్టుకు బదులు ఇలా చెప్పండి: "నువ్వు చెప్పేది నలుగురిలో పెట్టను. నీకు గానీ ఇంకొకరికి గానీ ప్రమాదం ఉందనిపిస్తే మాత్రం సాయం చేయగలవాళ్లకు చెప్పాల్సి వస్తుంది. ఎవరికి చెబుతున్నానో ముందు నీకే చెప్తాను." కొందరు ఇది విని వెనక్కి తగ్గుతారు. తగ్గనివ్వండి, మళ్లీ వస్తారు.

స్నేహితురాలు మాట్లాడడం లేదన్నది మీ దగ్గరే ఉండిపోవచ్చు. నాన్న తాగి కొడుతున్నాడన్నప్పుడు, అలవాటు కొద్దీ ఆ నాన్ననే బడికి పిలిపించకండి. ఆ రాత్రి ఇంట్లో ఏం జరుగుతుందో ఒక్క క్షణం ఆలోచించి, ప్రధానోపాధ్యాయులతో మాట్లాడి పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. ఆత్మహత్య ఆలోచన ఉంటే, తోడుగా పెద్దవారెవరైనా వచ్చేదాకా పిల్లను ఒంటరిగా వదలకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఏ వేళలోనైనా తెలుగులోనే మాట్లాడవచ్చు.

విశాఖపట్నంలో చదువుకుంటున్న విద్యార్థిని మృతి కేసులో 2025 జూలైలో సుప్రీంకోర్టు, వందమంది లేదా అంతకు మించి విద్యార్థులున్న సంస్థల్లో అర్హత గల కౌన్సెలర్ ఉండాలని మార్గదర్శకాలిచ్చింది. మీ బడిలో ఉన్నారో లేదో కనుక్కోండి.

అభ్యాసం: పైన చెప్పిన మూడు వాక్యాలను మీ యాసలో తిరగరాసి, అద్దం ముందు కాదు, ఇంట్లో ఒకరి ఎదుట ఇరవైసార్లు పలకండి, పుస్తకం చదివినట్టు వినిపిస్తోందంటే మళ్లీ రాయండి. ఆ తర్వాత, అవసరం పడితే మీరు ఎవరికి చెబుతారో ముగ్గురి పేర్లు కాగితం మీద పెట్టి, ఈ వారంలోనే ముగ్గురినీ స్వయంగా కలిసి, రాత్రి తొమ్మిదికి ఫోన్ చేస్తే ఎత్తుతారా అని అడిగి రండి.