రైల్లో, బస్సులో మనకు తెలియాల్సిన చట్టం – 4వ పాఠం: ఆ 250 రూపాయలు దేనికి?

ఈసారి చైన్ లాగడం గురించి చెప్తానని పోయిన పాఠంలో రాశాను. దాన్ని చివర్లో నాలుగు మాటలతో సరిపెడుతున్నాను. మూడో పాఠం లెక్కకి మీరు పంపిన జవాబులు చూశాక ముందుకు వెళ్లబుద్ధి కాలేదు.

లెక్క ఇది. విజయనగరంలో టికెట్ లేకుండా పాసింజరు ఎక్కారు. శ్రీకాకుళం రోడ్డులో, అంటే ఆమదాలవలసలో, దిగగానే టీసీ అడిగారు. లెక్క తేలిగ్గా ఉండడానికి ఛార్జీ 20 రూపాయలు అనుకున్నాం. ఎంత కట్టాలి? ఎక్కువమంది 250 అన్నారు. కొందరు 40 అన్నారు. ఇద్దరు ముగ్గురు 500 అని రాసి, కింద "జైలు కూడానా?" అని అడిగారు. సరైన జవాబు 270. "ఏది ఎక్కువైతే అది" అన్న ముక్కని పోయినసారి ఒక్క వాక్యంలో దాటేశాను, అందుకే ఈ తడబాటు. ఇప్పుడు నిదానంగా చూద్దాం.

1989 రైల్వే చట్టం 138వ సెక్షన్ ప్రకారం ఒక కాగితం మీద రెండు వరసలు వేసుకోండి. మొదటి వరసలో ప్రయాణం చేసిన దూరానికి మామూలు ఛార్జీ. రెండో వరసలో అదనపు రుసుము. ఈ రుసుము ఎంతంటే, మొదటి వరసలో వచ్చిన సొమ్ము లేదా 250, ఈ రెండిట్లో పెద్దది. తర్వాత రెండు వరసలూ కూడాలి. కూడడమే మీలో చాలామంది మర్చిపోయింది. 250 కడితే ఛార్జీ మాఫీ అయిపోదు.

ఛార్జీ 20 అయితే రెండో వరస 250, మొత్తం 270. ఛార్జీ 300 అయితే రెండో వరస కూడా 300, ఎందుకంటే అది 250 కన్నా పెద్దది. మొత్తం 600. సరిగ్గా 250 అయితే 500. జనరల్ టికెట్‌తో స్లీపర్‌లో కూర్చుంటే మొదటి వరసలో తేడా మాత్రమే వేయాలి. జనరల్ 90, స్లీపర్ 200 అనుకుంటే తేడా 110, దానికి 250 కలిపితే 360. దిగాల్సిన స్టేషన్ దాటినా అంతే. పొందూరుకి టికెట్ తీసుకుని, కునుకు పట్టి, దూసి కూడా దాటి శ్రీకాకుళం రోడ్డులో లేచారనుకోండి. తేడా అయిదు రూపాయలే అయినా కట్టేది 255. నిద్రపోయానంటే రుసుము తగ్గదు. ఈ సెక్షన్ మీ ఉద్దేశం ఏమిటని అడగదు.

ఉద్దేశం అడిగే సెక్షన్ వేరే ఉంది. నన్ను బాగా విసిగించే పొరపాటు అక్కడే జరుగుతోంది. అందరూ దేన్నైనా "ఫైన్" అనేస్తారు. "టీసీ ఫైన్ వేశాడు" అంటారు. టీసీ 138 కింద తీసుకునేది ఫైన్ కాదు, అదనపు రుసుము. ఫైన్ అంటే జరిమానా, అది శిక్ష. శిక్ష వేసేది మేజిస్ట్రేటు. 137వ సెక్షన్ కింద రైల్వేని మోసం చేసే ఉద్దేశంతో టికెట్ లేకుండా ప్రయాణించారని రుజువైతే ఆరు నెలల దాకా జైలు, లేదా 1000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ప్రత్యేక కారణం లేకపోతే జరిమానా 500కి తగ్గకూడదు. మీరు రాసిన 500 ఇక్కడిది, పక్క సెక్షన్‌లోంచి వచ్చి మన లెక్కలో పడింది.

ఈ తేడా పుస్తకాల కోసం చెప్తున్నది కాదు. డిగ్రీ చదివే పిల్లలు టీసీని చూడగానే "నా మీద కేసు పెడతారా సార్" అని వణికిపోవడం ఎన్నోసార్లు చూశాను. చీపురుపల్లి ప్లాట్‌ఫాం మీద ఒకబ్బాయి చేతిలో సెల్ జారి కింద పడింది, అంత టెన్షన్. 270 కట్టి రసీదు తీసుకుంటే అయిపోయే విషయం అది. కట్టనంటేనే మేజిస్ట్రేటు దాకా వెళ్తుంది. ఆయన కట్టమన్నాక కూడా కట్టకపోతే పది రోజుల నుంచి నెల దాకా జైలు పడే వీలుంది. ఫైన్ అనుకున్నవాళ్లు బేరం ఆడతారు. రుసుము అని తెలిసినవాళ్లు లెక్క అడుగుతారు. రసీదు మీద ఛార్జీ ఎంత, రుసుము ఎంత, ఎక్కడి నుంచి ఎక్కడికి, ఈ మూడూ చూసి, వాటితో మొత్తం సరిపోయిందో లేదో అక్కడే కూడండి. రసీదు లేకుండా ఒక్క రూపాయి ఇవ్వొద్దు.

"ఎక్కడి నుంచి" అన్నదానికి నేనెందుకు పట్టుబడతానంటే, మీరెక్కడ ఎక్కారో తేలకపోతే రైలు బయల్దేరిన స్టేషన్ నుంచి ఛార్జీ వేయొచ్చు. దారిలో టికెట్లు తనిఖీ చేసి ఉంటే ఆఖరి తనిఖీ జరిగిన చోటు నుంచి వేస్తారు. విశాఖ నుంచి పలాస వెళ్లే బండిలో మీరు గరివిడిలో ఎక్కినా, ఆ మాట నమ్మడానికి ఆధారం లేకపోతే లెక్క విశాఖలో మొదలవుతుంది. గరివిడి ప్లాట్‌ఫాం టికెట్ జేబులో ఉంటే అక్కడ ఎక్కారనడానికి ఆధారం. అంతకుమించి అది పనికిరాదు. దాంతో ప్రయాణం చేయొచ్చనీ, 250 తప్పుతుందనీ అనుకోకండి.

250 నిజంగా తప్పించే దారి 55వ సెక్షన్‌లో ఉంది. నేనైతే ఎప్పుడూ ఇదే చేస్తాను. కౌంటర్ దగ్గర లైను కదలడం లేదు, బండి వచ్చేసింది. ఎక్కకముందే టీసీ దగ్గరికో, గార్డు దగ్గరికో పరిగెత్తి, టికెట్ తీయలేకపోయాను, ఛార్జీ కడతాను అని చెప్పి అనుమతి అడగండి. (2022 నుంచి గార్డుని ట్రైన్ మేనేజర్ అంటున్నారు, మనకి నోట గార్డనే వస్తుంది.) అనుమతి ఇస్తే చీటీ రాయించుకోండి. ఆ చీటీ ఉంటే 138 కింద అదనపు రుసుము పడదు, ఛార్జీ కడితే చాలు. ఒక వానాకాలం సాయంత్రం గార్డు లాంతరు పెట్టె మీద కాగితం పెట్టి నాకు రాసిచ్చిన నాలుగు ముక్కలు తడిసి సిరా పాకిపోయాయి. అయినా దిగాక టీసీ చదివి, ఛార్జీ ఒక్కటే తీసుకున్నారు. నోటిమాటగా "ఎక్కండి" అన్నారని చెప్తే ఆ బలం రాదు.

ఆడపిల్లల తల్లిదండ్రులకి ఇంకొకటి. 138 కింద అడిగిన డబ్బు కట్టనివాళ్లని రైలు నుంచి దించే అధికారం 139వ సెక్షన్ ఇస్తుంది. కానీ మగతోడు లేని స్త్రీలని, పిల్లల్ని ఎక్కడపడితే అక్కడ దించకూడదు. వాళ్లు ఎక్కిన స్టేషన్‌లో, జంక్షన్‌లో, చివరి స్టేషన్‌లో, లేదా జిల్లా కేంద్రం స్టేషన్‌లో మాత్రమే దించాలి, అదీ పగటిపూటే. విజయనగరం జంక్షనూ, జిల్లా కేంద్రమూ. రాత్రి ఎనిమిదింటికి సిగడాంలో దించడం కుదరదు. ఈ మాట మీ అమ్మాయికి నోటికి వచ్చేదాకా చెప్పండి.

బస్సుల పాఠం ఇంకా రాలేదు, అయినా ఒక ప్రశ్న పదేపదే వచ్చింది: స్త్రీ శక్తి (ఆంధ్రప్రదేశ్‌లో ఆడవాళ్లకి ఉచిత బస్సు పథకం) కింద ఉచితమే కదా, టికెట్ ఎందుకు? 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి బస్సుల్లో డబ్బులు కట్టక్కర్లేదు, కానీ సున్నా టికెట్ చేతిలో ఉండాలి. గుర్తింపు కార్డు చూపించి అడిగి తీసుకోండి. మోటారు వాహనాల చట్టం 178వ సెక్షన్‌లో టికెట్ లేని ప్రయాణానికి 500 దాకా జరిమానా ఉంది. శ్రీకాకుళం బస్ కాంప్లెక్స్‌లో ఒడిశాలోని పర్లాకిమిడికి బస్సు ఎక్కేవాళ్లు డబ్బులు సిద్ధం చేసుకోండి, రాష్ట్రం దాటే బస్సులకి ఈ పథకం లేదు.

చైన్ సంగతి: తగిన కారణం లేకుండా లాగితే 141వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు, లేదా 1000 దాకా జరిమానా, లేదా రెండూ. మొదటిసారి కనీసం 500 జరిమానా. రెండోసారి అయితే కనీసం మూడు నెలల జైలు. ఊరు దగ్గరపడిందని లాగడం తగిన కారణం కాదు.

అభ్యాసం. ఈసారి కష్టమైనదే ఇస్తున్నాను, ఒక్కరే కూర్చుని చేయండి. నలుగురున్న కుటుంబం విశాఖ–పలాస పాసింజర్‌లో ఉంది. తండ్రికి కోటబొమ్మాళి దాకా టికెట్ ఉంది, నౌపడలో దిగాడు, తేడా 5 రూపాయలు. తల్లికి టికెట్ లేదు, తిలారులో గార్డు చీటీ రాయించుకుని ఎక్కింది, ఛార్జీ 10. కొడుక్కి టికెట్ లేదు, ఉర్లాంలో ఎక్కానంటాడు, ఆధారం లేదు. విజయనగరంలో తనిఖీ జరిగింది, అక్కడి నుంచి ఛార్జీ 30. మేనత్తకి సరైన టికెట్ ఉంది, కానీ టీసీ అడిగినప్పుడు చూపించనంది, ఆమె ప్రయాణించిన దూరానికి ఛార్జీ 25. ఒక్కొక్కరికీ రెండు వరసలు విడిగా వేసి, ఏ సెక్షన్ ప్రకారమో పక్కన రాసి, మొత్తం తేల్చండి. మేనత్త దగ్గర ఆగి 138 మొదటి భాగం మళ్లీ చదవండి. మొత్తం ఒక్కటే రాసి పంపితే దిద్దను, వరసలు కనపడాలి.