గుడ్లగూబ నాణెంతో యూరప్ పాఠం

చంద్రగిరి దగ్గర మా బడిలో ఎనిమిదో తరగతికి మొదటి ఏడాది యూరప్ రాజధానులు బట్టీ పట్టించాను. వారం తిరక్కుండా మర్చిపోయారు. ఇప్పుడు నాణేలతో మొదలుపెడుతున్నా. మీరూ చేసి చూడండి.

ముందు బోర్డు మీద రెండు గుండ్రాలు గీయండి. యూరో నాణేనికి ఒకవైపు బొమ్మ యూరో వాడే అన్ని దేశాలకూ ఒకటే, రెండోవైపు ఏ దేశానిది ఆ దేశానిదే. ఐర్లాండ్‌ది హార్ప్ అనే తీగల వాద్యం. గ్రీసు 1 యూరో మీద గుడ్లగూబ. "అపశకునం కదా సార్?" అన్నాడొకడు. ఏథెన్స్ వాళ్లకు అది జ్ఞానదేవత పక్షి అని చెప్పేసరికి పీరియడంతా దానికే పోయింది. పోనివ్వండి.

తర్వాత టీ గ్లాసు బోర్లించి అట్ట మీద గుండ్రం గీయించండి. యూరో నాణెం మీద ఉన్నట్టే అంచు చుట్టూ 12 నక్షత్రాలు ఉండాలి. అవి దేశాల లెక్క కాదు, యూరోపియన్ యూనియన్ సభ్యదేశాలు 27. మధ్యలో మన ఊరి బొమ్మ ఏదో పిల్లలే తేల్చుకోవాలి. అందరూ కోట గీస్తారనుకున్నా. ఒకమ్మాయి తోతాపురి కాయ గీసింది, ముక్కుతో సహా!

మార్కులు మాత్రం వేయకండి. వేస్తే అందరూ పక్కవాడి కోటనే దించేస్తారు.