ఏడాదికి ఐదు సెకన్ల తేడా వాచీ: సెకండ్ హ్యాండ్‌లో కొనేదెలా?

సెల్లుతో నడిచే మామూలు క్వార్ట్జ్ వాచీ నెలకు 15 సెకన్లు అటూ ఇటూ అయినా కంపెనీ లెక్కలో బాగున్నట్టే. లాంజీన్స్ కాంక్వెస్ట్ వీహెచ్‌పీ మాత్రం ఏడాది మొత్తానికి ఐదు సెకన్లే దాటకూడదు. గ్రాండ్ సీకో 9ఎఫ్, సెర్టినా ప్రెసిడ్రైవ్ రకాలకైతే ఏడాదికి పది.

వాచీలోని స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. దానికి 25 డిగ్రీలంటే ఇష్టం. ఎండ పెరిగినా, చలి పెరిగినా నెమ్మదిస్తుంది. మన మే నెలలో, 45 డిగ్రీల వేడిలో మామూలు వాచీని బల్ల మీద వదిలేస్తే రోజుకు సుమారు ఒక సెకను వెనకబడుతుంది. ఈ ఖరీదైన రకాలు లోపలి వేడిని కొలుచుకుంటూ ఆ తేడాను తామే సరిచేసుకుంటాయి. గ్రాండ్ సీకో 9ఎఫ్ రోజుకు 540 సార్లు కొలుస్తుంది. అయితే ఈ గొప్పతనమంతా లోపలే. కాఫీ తాగుతూ పావుగంట చేతిలో పట్టుకుని చూస్తే ఏమీ తెలియదు.

1. ముందు మోడల్ నంబరు

అమ్మే మనిషి రాసిన పేరును నమ్మి వెళ్లొద్దు. కాంక్వెస్ట్ పేరుతో లాంజీన్స్ మామూలు క్వార్ట్జ్ కూడా అమ్మింది, సెల్లు లేని ఆటోమేటిక్ కూడా అమ్మింది. డయల్ మీద వీహెచ్‌పీ అక్షరాలు ఉండాలి. గ్రాండ్ సీకో అయితే వెనక మూత మీది అంకెలు 9ఎఫ్‌తో మొదలవ్వాలి. వెనక మూత ఫొటో పంపమంటే నసిగేవాడి దగ్గర బేరం అక్కడితో ఆపేయండి.

2. పది రోజుల్లో రెండు వీడియోలు

అసలు పరీక్ష ఇదే, దీనికి పైసా ఖర్చు లేదు. చాలామంది "ఇప్పుడు టైమ్ కరెక్ట్‌గా ఉందా?" అని అడుగుతారు. ఆ ప్రశ్నతో లాభం లేదు, పొద్దున్నే సరిచేసి తెచ్చి ఉండొచ్చు. మనకు కావాల్సింది వాచీ చూపే టైమ్ కాదు, వాచీ నడక.

అందుకే అమ్మే మనిషికి ఇలా చెప్పండి: "టైమ్ సరిచేయొద్దు. తప్పుగా ఉంటే అలాగే ఉండనివ్వండి." ల్యాప్‌టాప్‌లో టైమ్ డాట్ ఈజ్ సైటు తెరిచి, వాచీని స్క్రీన్ పక్కనే పెట్టి, రెండూ ఒకే ఫ్రేములో పడేలా అర నిమిషం వీడియో తీయమనండి. పది రోజుల తర్వాత అదే ల్యాప్‌టాప్ ముందు ఇంకొకటి. స్క్రీన్ ఏ కాస్త ఆలస్యంగా చూపినా రెండుసార్లూ దాదాపు అంతే ఆలస్యం కాబట్టి లెక్క చెడదు.

వీడియోను ఫ్రేము ఫ్రేముగా జరుపుతూ సెకన్ల ముల్లు కదిలిన క్షణాన్ని పట్టుకోండి. మొదటి రోజు 7.4 సెకన్లు ముందుంది, పది రోజుల తర్వాత 7.5 ఉంది అనుకోండి. పది రోజుల్లో 0.1 అంటే ఏడాదికి నాలుగు సెకన్లు కూడా లేదు. ఇక కళ్లు మూసుకుని ముందుకెళ్లొచ్చు. తేడా 0.3 దాటితే పది సెకన్ల హామీ కూడా నిలబడనట్టే. ఒకటి, రెండు సెకన్లు వస్తే లోపలి మెషీను ఏదో నకిలీదై ఉండొచ్చు, లేదా దెబ్బతిని ఉండొచ్చు.

టైమ్ తప్పుగానే వదిలేయమనడంలో ఒక మెలిక ఉంది. మధ్యలో ఎవరైనా కీ లాగి సరిచేస్తే, మళ్లీ సరిగ్గా అదే 7.4 సెకన్ల తప్పు తెప్పించడం దాదాపు అసాధ్యం. ఆ తప్పే మనకు సీలు.

3. చేతికి వచ్చాక

సెకన్ల ముల్లును ఒక నిమిషం పాటు చూడండి. సెకనుకో అడుగు కాకుండా కొన్ని సెకన్లకోసారి గెంతుతుంటే సెల్లు అయిపోవచ్చిందని అర్థం. అది రోగం కాదు, వాచీ ఇచ్చే హెచ్చరిక. కానీ ఎన్నాళ్లుగా గెంతుతోందన్నది ముఖ్యం. నేను ఒకసారి సికింద్రాబాద్‌లో ఇరానీ హోటల్ బల్ల మీద ఇలాంటి వాచీనే చూశాను. "అన్నా, సెల్లు మారిస్తే చాలు, చిన్న పని" అన్నాడు అమ్మే కుర్రాడు. బేరమాడి కొన్నాను కూడా. మూత తీయించి చూస్తే సెల్లు కారి, దాని చుట్టూ పచ్చటి పొడి పేరుకుని ఉంది. సర్క్యూట్ పోయింది. ఇలాంటి సర్క్యూట్ మన వీధి చివరి షాపులో దొరకదు, మెషీను మొత్తం మార్చాలి. దాంతో ఆ వాచీకి రెండింతల ఖర్చయింది. ఆగిపోయిన వాచీ అయినా, గెంతే వాచీ అయినా మీ ముందే మూత తీయించి చూశాకే డబ్బులివ్వండి.

మూత అంచున గీతలుంటే ఎవరో కత్తితో తెరిచారన్నమాట. లోపలి రబ్బరు రింగు నలిగి ఉంటుందని అనుకోవాలి.

రెండు ప్రాంతాల టైమ్ చూపే జీఎంటీ రకం 9ఎఫ్86 అయితే కీని ఒక మెట్టు లాగి గంటల ముల్లును జరపండి. సెకన్ల ముల్లు ఆగకూడదు. అమెరికాలో ఏడాదికి రెండుసార్లు గంట మార్చుకునే మనవాళ్లకు ఈ సదుపాయం చాలా పనికొస్తుంది.

4. స్పోర్ట్స్ అన్నారని నీళ్లలో దూకొద్దు

కాంక్వెస్ట్ వీహెచ్‌పీ తట్టుకునేది 5 బార్ నీటి ఒత్తిడి మాత్రమే, అదీ కొత్తలో. రబ్బరు రింగు ఏళ్లకొద్దీ గట్టిపడుతుంది. సెల్లు మార్పించినప్పుడే రింగు కూడా మార్పించి, ప్రెజర్ టెస్ట్ చేయించండి. అంతవరకు వాన చినుకులు చాలు.

5. బేరం

స్టీల్ చైను లింకులన్నీ ఉన్నాయా చూడండి, పోయిన లింకులు విడిగా దొరకడం కష్టం. కేసు అంచులు గుండ్రంగా అరిగిపోయి మెరిసిపోతుంటే బాగా పాలిష్ పట్టించారు. అక్కడ ధర తగ్గించమని అడగొచ్చు. గ్యారంటీ కార్డు మీది సీరియల్ నంబరు వాచీ మీది నంబరుతో కలవాలి. విదేశం నుంచి కొరియర్‌లో తెప్పిస్తుంటే కస్టమ్స్ సుంకం కలుపుకునే ధర లెక్కేయండి.

కొన్నాక కొత్త సెల్లు వేయించి, ఆ తేదీ చిన్న చీటీ మీద రాసి డబ్బా మూత లోపల అంటించండి. రేపు మీరు అమ్మేటప్పుడు కొనేవాళ్లు మొదట అడిగేది ఆ తేదీనే.