ఆర్‌వీకి ఎక్స్‌టెండెడ్ వారంటీ: సంతకం పెట్టే ముందు

అమెరికాలో కొత్త ఆర్‌వీ (లోపల ఇల్లులా ఉండే ప్రయాణాల బండి) కొంటే, డీలర్లు ఫైనాన్స్ గదిలో కూర్చోబెట్టి ఎక్స్‌టెండెడ్ వారంటీ (కంపెనీ వారంటీ అయిపోయాక కూడా రిపేర్ల ఖర్చు భరించే కాంట్రాక్టు) అంటగట్టాలని చూస్తారు. ఆ రోజే తీసుకోవాలన్న రూలేం లేదు. కంపెనీ వారంటీ చాలా మోడళ్లకు ఏడాది ఉంటుంది. మోటర్‌హోమ్ (సొంత ఇంజిన్‌తో నడిచే ఆర్‌వీ) ఇంజిన్‌కు, చాసిస్‌కు (బండి అడుగు ఫ్రేమ్‌కు) విడిగా వేరే వారంటీ ఉంటుంది. అవి నడుస్తుండగా తీరిగ్గా ఆలోచించుకోవచ్చు.

ముందు కాంట్రాక్టు కాగితం అడిగి, ఏవేవి కవర్ కావో రాసిన పేజీ చదవండి. పైకప్పు సీలెంట్ (అతుకుల్లో నీళ్లు దిగకుండా పూసేది) పగిలి నీళ్లు కారితే చాలా ప్లాన్లు పైసా ఇవ్వవు. బండిని లోలోపల తినేసేది అదే మరి! రేటు బేరమాడొచ్చు. లోన్‌లో మాత్రం కలపనివ్వకండి, వారంటీకీ వడ్డీ పడుతుంది. చిన్న ట్రైలరైతే (వేరే బండితో లాక్కెళ్లే ఆర్‌వీ), నన్నడిగితే, ఆ డబ్బు రిపేర్లకని పక్కన పెట్టుకోవడమే మేలు. స్లైడ్‌అవుట్లు (ఆపాక బయటికి జరిపి గది పెంచుకునే భాగాలు), లెవలింగ్ జాక్‌లు (బండిని సమంగా నిలబెట్టేవి) ఉన్న పెద్ద మోటర్‌హోమ్‌కైతే ఆలోచించొచ్చు.