రెప్ప వెంట్రుకల మందు: పెరగకపోతే, ఎర్రబడితే, నల్లబడితే

కనురెప్ప వెంట్రుకలు పెంచుకోవడానికి వాడేవాటిలో పరీక్షలకు గట్టిగా నిలిచిన మందు బిమాటోప్రోస్ట్ 0.03 శాతం ద్రావణం. మొదట ఇది నీటికాసులకు, అంటే గ్లాకోమాకు, వేసే కంటిచుక్కల మందు. చుక్కలు వేసుకున్నవాళ్ల రెప్పలు గుబురుగా పెరగడం గమనించాక, అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2008 డిసెంబరులో లాటిస్ పేరుతో రెప్పల కోసం కూడా అనుమతించింది. మన దగ్గర ఇది 3 మి.లీ. కంటిచుక్కల సీసాగా, డాక్టరు చీటీ మీద దొరుకుతుంది. చుక్కల సీసాయే అయినా రెప్పల కోసం వాడేటప్పుడు కంట్లో వేసుకోకూడదు. గర్భంతో ఉన్నవాళ్లు, పాలిచ్చే తల్లులు డాక్టరుతో మాట్లాడకుండా మొదలుపెట్టకూడదు. గ్లాకోమాకు ఇప్పటికే ఇదే కుటుంబపు చుక్కలు వేసుకుంటున్నవాళ్లు కంటి డాక్టరుకి తప్పకుండా చెప్పాలి. రెండూ కలిస్తే కంటి ఒత్తిడి తగ్గాల్సినంత తగ్గకపోవచ్చు.

ఆరు వారాలైనా ఏమీ పెరగలేదు

ఎక్కువమందికి ఇక్కడ లోపం మందుది కాదు, లెక్కది. రెప్ప వెంట్రుక పెరిగే దశ 4 నుంచి 10 వారాలే. మిగతా కాలమంతా, నెలల తరబడి, అది కుదురులో ఊరికే కూర్చుని ఉంటుంది. ఈ మందు పెరిగే దశను సాగదీస్తుంది, కూర్చున్న కుదుళ్లను లేపుతుంది, కొత్త కుదుళ్లను మాత్రం పుట్టించదు. తేడా 4 వారాలకు మొదలై, 8 వారాలకు కంటికి ఆని, 16 వారాలకు నిండుగా తెలుస్తుంది. 278 మందిపై జరిగిన పరీక్షలో 16 వారాలకు పెరిగిన పొడవు సగటున 1.4 మి.మీ. వినడానికి ఇంతేనా అనిపిస్తుంది కానీ 8, 10 మి.మీ. వెంట్రుకకు అది బాగానే కనిపిస్తుంది. మొదటిరోజున, తర్వాత నెలకోసారి, ఒకే వెలుతురులో కళ్లు మూసి ఫొటో తీసి పెట్టుకోండి. రోజూ అద్దంలో చూసుకుంటే మార్పు పట్టుబడదు.

16 వారాలు దాటినా కదలిక లేదంటే రాసే చోటు చూడాలి. మస్కారాలాగా వెంట్రుకలకు పూస్తే మందు దండగ. అది చేరాల్సింది పై రెప్ప అంచున, వెంట్రుకలు మొలిచే చర్మానికి.

రాత్రి ముఖం కడిగి, కాటుక, ఐలైనర్ పూర్తిగా తీసి, రెప్పలు ఆరనివ్వండి. కాంటాక్ట్ లెన్సులుంటే తీసేయండి. కొత్త బ్రష్‌ను అడ్డంగా పట్టుకుని దాని మీద ఒక్క చుక్క వేయండి. సీసా మూతి దేనికీ తగలకూడదు. ఐలైనర్ గీసినట్టు లోపలి మూల నుంచి బయటి మూలకు వెంట్రుకల మొదలు వెంట ఒక్కసారి గీయండి. అంచు తడిసినట్టు తెలియాలి, కారకూడదు. బయటి మూలలో మిగిలిన తడిని టిష్యూతో అద్దేయండి. ఆ బ్రష్ పారేసి, రెండో కంటికి ఇంకోటి తీసుకోండి. కింది రెప్పకు వేరే రాయక్కర్లేదు, రెప్ప కొట్టినప్పుడు సరిపడా అంటుతుంది. ఒకరాత్రి మరిచిపోతే మర్నాడు రెండుసార్లు రాయొద్దు. ఎక్కువ రాస్తే ఎక్కువ పెరగదు, ఎక్కువ కారుతుంది.

చోటూ సరిగానే ఉందంటే రెప్పకు ఏం పూస్తున్నారో చూడండి. పడుకునేముందు ఆముదం రాసే అలవాటుంటే ఆ జిడ్డు పొర మీద నీళ్లలాంటి ఈ మందు నిలవదు. ఆముదం వెంట్రుకకు మెరుపిచ్చి ఒత్తుగా కనిపించేలా చేస్తుంది, పెంచుతుందనడానికి ఆధారం లేదు. షాపుల్లో దొరికే సీరమ్‌లదీ అదే కథ: పెప్టైడ్లు, బయోటిన్ మాత్రమే ఉన్నవి వెంట్రుకను మృదువుగా ఉంచుతాయి, అంతే. లేబుల్ మీద ‘ఐసోప్రొపిల్ క్లోప్రోస్టెనేట్’ లాంటి పేరుంటే అది బిమాటోప్రోస్ట్‌కు బంధువే. పనిచేయవచ్చు, ఇబ్బందులూ అవే రావచ్చు. సౌందర్య సాధనమని రాసినంత మాత్రాన తేలిగ్గా తీసుకోకండి.

సీసాను ఎండ తగిలే కిటికీ దగ్గర పెట్టొద్దు. లాటిస్ లేబుల్ చెప్పే గరిష్ఠ వేడి 25 డిగ్రీలు. మే నెలలో మన ఇళ్లలో అది సాధ్యం కాదు కాబట్టి ఫ్రిజ్ తలుపు అరలో ఉంచండి, గడ్డకట్టే పై అరలో మాత్రం వద్దు.

ఒక కన్నుకు ఎక్కువ, ఇంకోదానికి తక్కువ

కుడిచేత్తో ఎడమ కన్ను మూల వరకూ గీయడం కష్టం, అక్కడ గీత తెగుతుంది. అద్దాన్ని గడ్డం కిందుగా పెట్టి, కళ్లు దించి చూస్తూ గీస్తే అంచు బాగా కనబడుతుంది. సరిచేశాక రెండు నెలలు ఆగి చూడండి. వెనకబడిన కంటికి రెండు గీతలు గీయడం పరిష్కారం కాదు.

ఎరుపు, దురద

మొదటి వారాల్లో పొద్దున లేవగానే కాస్త ఎరుపు మామూలే. మందు కంట్లోకి దిగుతోందని అర్థం, చుక్క తగ్గించి టిష్యూతో అద్దితే చాలావరకు తగ్గుతుంది. సీసాలో నిలవ కోసం కలిపే బెంజాల్కోనియం క్లోరైడ్ కొందరికి పడదు. మెత్తటి లెన్సులు దాన్ని పీల్చుకుంటాయి కూడా. అందుకే రాశాక కనీసం 15 నిమిషాలు ఆగాలి, రాత్రంతా లెన్సులు లేకుండా ఉంటే ఇంకా మంచిది. రెప్ప అంచున చుండ్రులాంటి పొట్టు, పొద్దున పుసులు, తరచూ కంటికురుపులు ఉంటే అది మందుకు ముందే ఉన్న రెప్పవాపు. ముందు దాన్ని తగ్గించుకోవాలి. నొప్పి, చూపు మసక, రెప్ప ఉబ్బు కనిపిస్తే అదే రోజు మందు ఆపి కంటి డాక్టరుని కలవండి.

రెప్ప అంచు నల్లబడింది

మన చామనఛాయ చర్మానికి ఎక్కువ బాధ కలిగించేది ఇదే. మందు తగిలిన చర్మంలో రంగు పదార్థం పెరుగుతుంది. కాటుక సరిగ్గా కడగనట్టు గోధుమరంగు గీత కనిపిస్తే అదే. ఆపితే వారాల నుంచి నెలల్లో చాలామందికి తగ్గుతుంది. దాన్ని తెల్లబరిచే క్రీములు కంటి అంచున రాయడం మాత్రం పెద్ద పొరపాటు.

నల్లగుడ్డు రంగు సంగతి వేరు. గోధుమ రంగు పెరిగితే అది వెనక్కి రాకపోవచ్చు. ముదురు కళ్లకు తేడా తెలియదు కానీ తేనెరంగు, ఆకుపచ్చ కలిసిన కళ్లున్నవాళ్లు రెండుసార్లు ఆలోచించాలి.

కళ్లు లోతుకు పోయినట్టున్నాయి

నెలల తరబడి వాడితే కంటి చుట్టూ ఉన్న కొవ్వు తగ్గి, పై రెప్ప మడత లోతుగా కనిపించవచ్చు. నిద్రలేమి అనుకుని ఇలాగే కొనసాగించేవాళ్లు చాలామంది. పాత ఫొటోతో పోల్చండి, తేడా ఉంటే ఆపేయండి. తొందరగా పట్టుకుంటే తిరిగి సర్దుకునే అవకాశం ఎక్కువ.

చెంప మీద నూగు

మందు పదేపదే కారిన దారి అది. టిష్యూతో అద్దడం మొదలుపెడితే ఆగుతుంది.

వెంట్రుకలు గుత్తులుగా రాలుతున్నాయి

రోజుకు రెండు మూడు రాలడం మామూలు. ఒకేచోట ఖాళీ పడితే మందు పెంచొద్దు, కారణం వెతకండి. ఎక్స్‌టెన్షన్ల (అంటించుకునే కృత్రిమ వెంట్రుకల) బరువు, వాటి జిగురు, పీక్కునే అలవాటు, థైరాయిడ్, పేనుకొరుకుడు — ఏదైనా కావచ్చు. ఎక్స్‌టెన్షన్లు ఉంటే తీయించి కుదుళ్లకు కొన్ని నెలలు విశ్రాంతి ఇవ్వండి. కనుబొమ్మలూ పలచబడుతుంటే చర్మవైద్యుడి దగ్గరికి వెళ్లండి.

ఆపగానే పాత పొడవుకే వచ్చాయి

అది లోపం కాదు, మందు స్వభావం. పెరిగే దశ మళ్లీ పాత నిడివికి వస్తుంది కనుక కొన్ని వారాల నుంచి నెలల్లో రెప్పలు మొదటి స్థితికి చేరతాయి. నిలుపుకోవాలంటే 16 వారాల తర్వాత కొందరు డాక్టర్లు రోజు విడిచి రోజుకో, వారానికి రెండు మూడు రాత్రులకో తగ్గిస్తారు. ఎంతకు తగ్గించాలో మీ కళ్లు చూసిన డాక్టరునే అడగండి.