స్కాన్‌లో ఊపిరితిత్తి మీద చిన్న నాడ్యూల్ అని వచ్చిందా? ముందు పాత ఫిల్మ్ వెతకండి

కడుపునొప్పికో, గుండె చెకప్‌కో, బండి మీంచి పడి పక్కటెముకలు నొప్పెడితేనో సీటీ తీస్తారు, రిపోర్టు అడుగున ఒక లైను ఉంటుంది, కుడి ఊపిరితిత్తిలో 5 ఎంఎం నాడ్యూల్, అంటే చిన్న గుండ్రటి మచ్చ, ఉందని. ఆ రాత్రి ఇంట్లో ఎవరికీ నిద్రుండదు, ఫోన్‌లో వెతుకుతారు, అందులో మొదట కనబడేది క్యాన్సరే. ఒడిశాలో మా రాయగడ, పర్లాకిమిడి, బరంపురం వైపు ఈ మాట ఈమధ్య బాగా వినబడుతోంది, స్కాన్లు తీయించుకోవడం పెరిగింది కాబట్టి కనబడేవీ పెరిగాయి.

ముందు సైజు చూడండి. 30 ఎంఎం దాకా నాడ్యూల్ అంటారు, దాటితే మాస్ అంటారు. 5 ఎంఎం అంటే పెసరగింజంత. ఇంత చిన్నవాటిలో చాలావరకు ఎప్పుడో వచ్చి మానిపోయిన ఇన్ఫెక్షన్ మచ్చలే, మన దేశంలో పాత టీబీ మచ్చలు మరీ ఎక్కువ, కొందరికి అది వచ్చి పోయిందని కూడా తెలీదు. రిపోర్టులో కాల్సిఫైడ్ అని ఉంటే సున్నం పట్టిందని, చాలాసార్లు అది మంచి మాటే. స్పిక్యులేటెడ్ అంటే అంచులు ముళ్ళుముళ్ళుగా ఉన్నాయని, అది ఉంటే మాత్రం డాక్టర్ని కలవడం వాయిదా వెయ్యొద్దు.

ఇప్పుడు అసలు పని. పాత స్కాన్ వెతకండి. 2021లో కరోనా సెకండ్ వేవ్‌లో ఎంతమంది ఛాతీకి హెచ్‌ఆర్‌సీటీ తీయించుకున్నారో గుర్తు చేసుకోండి, ఆ కవరు బీరువా మీదో, పరుపు కిందో, ట్రంకు పెట్టెలో పెళ్ళి చీరల అడుగునో ఉంటుంది (పిల్లలు గ్రహణం చూడ్డానికి పట్టుకుపోయి ఉండకపోతే, అలా చూడకూడదు కూడా). గట్టి నాడ్యూల్, అంటే సాలిడ్ అని రాసింది, రెండేళ్ళ కిందట కూడా అదే సైజులో ఉందంటే క్యాన్సర్ కాకపోవడానికే ఎక్కువ అవకాశం, ఇంకో పరీక్ష అక్కర్లేకుండానే సగం బెంగ తీరిపోతుంది. పాత ఎక్స్‌రే దొరికినా పట్టుకెళ్ళండి గానీ, 5 ఎంఎంది ఎక్స్‌రేలో సాధారణంగా కనబడదు, అందుకని అందులో లేదు కాబట్టి కొత్తగా వచ్చిందని అనేసుకోవద్దు. కొత్త స్కాన్‌కి ఫిల్మ్‌తో సరిపెట్టుకోక సీడీయో పెన్‌డ్రైవో అడిగి తీసుకోండి, కొలతలు అందులోంచే సరిగ్గా తీస్తారు.

డాక్టరు దగ్గర ఇంకో తిరకాసు ఉంది. ఆయన ఒడియాలోనో హిందీలోనో సిగరెట్ తాగుతారా అని అడుగుతారు, మన అమ్మమ్మ లేదు బాబూ అంటుంది, అబద్ధం కాదు, చుట్ట గురించి ఆయన అడగలేదు కదా. చుట్ట, బీడీ, ఒడియావాళ్ళు పికా అనేది, నిప్పు నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ, అన్నీ మీరే చెప్పండి, ఎన్నేళ్ళ నుంచో కూడా. కట్టెల పొయ్యి దగ్గర ముప్పై ఏళ్ళు వండిన సంగతి, ఇంట్లో ఎవరికైనా టీబీ గానీ ఊపిరితిత్తి క్యాన్సర్ గానీ వచ్చిన సంగతి కూడా. ఈ జవాబుల్ని బట్టే తర్వాత స్కాన్ ఎప్పుడో తేలుతుంది.

చాలామంది డాక్టర్లు చూసేది ఛాతీ స్కాన్లు చదివే నిపుణుల సంఘం ఫ్లీష్‌నర్ సొసైటీ 2017లో సవరించిన లెక్క. 35 ఏళ్ళు దాటి, ఇదివరకు క్యాన్సర్ లేనివాళ్ళకి, ఇమ్యూనిటీ తగ్గే జబ్బూ మందులూ లేనివాళ్ళకి అది. సాలిడ్‌ది ఒక్కటే ఉండి 6 ఎంఎం లోపైతే, రిస్క్ తక్కువున్నవాళ్ళకి మళ్ళీ స్కాన్ అక్కర్లేదు, పొగతాగేవాళ్ళలాంటి రిస్క్ ఉన్నవాళ్ళకి ఏడాది తర్వాత ఒకసారి తీస్తే తీయొచ్చు. 6 నుంచి 8 అయితే 6 నుంచి 12 నెలల్లో. 8 దాటితే 3 నెలల్లో స్కాన్, లేదా పెట్ స్కాన్ (చురుగ్గా ఉన్న భాగాలు వెలిగి కనబడే స్కాన్), బయాప్సీ (చిన్న ముక్క తీసి పరీక్షించడం) ఆలోచిస్తారు. గ్రౌండ్ గ్లాస్, అంటే మసగ్గా కనిపించే రకం, 6 దాటితే ఐదేళ్ళ దాకా చూస్తారు, అది పెరిగినా నెమ్మదిగానే పెరుగుతుంది. ఇంకో మాట, పెట్ స్కాన్‌లో టీబీ కూడా వెలుగుతుంది, వెలిగినంత మాత్రాన క్యాన్సర్ అని కాదు.

ఆరు నెలలు ఊరికే కూర్చోబెట్టారు, ఈ డాక్టరుకి ఏమీ తెలీదు అని ఇంకో ఊరు పరిగెత్తేవాళ్ళున్నారు. ఆ ఆరు నెలలే పరీక్ష. పెరుగుతోందా లేదా అన్నది చూడాలంటే టైం ఇవ్వాలి, వారంలో రెండోసారి తీస్తే ఏం తెలుస్తుంది చెప్పండి, డబ్బు దండగ. తర్వాతది వీలైతే అదే సెంటర్లో తీయించండి, 1 ఎంఎం తేడా కొలతలోనే వచ్చేస్తుంది, దానికి గుండెలు బాదుకోవద్దు. కానీ 8 ఉన్నది 10 అయ్యిందంటే లోపలి పరిమాణం దాదాపు రెట్టింపైనట్టు, అప్పుడు ఊరుకోకూడదు. డేట్ ఫోన్‌లో అలారంతో పెట్టండి, సంక్రాంతి తర్వాత చూద్దాం అనుకున్నది ఉగాది దాటిపోతుంది. ఈలోపు దగ్గులో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, సాయంత్రం జ్వరాలు, గొంతు బొంగురు పోయి తగ్గకపోవడం, వీటిలో ఏదున్నా డేట్ కోసం ఆగొద్దు.

మచ్చ ఉంది కదా అని ఎవరో ఇచ్చిన టీబీ మందులు ఆర్నెల్లు మింగెయ్యడం మా వైపు మామూలే. కళ్ళె పరీక్ష లేకుండా, అసలు ఆధారమేమిటని అడక్కుండా మొదలుపెట్టొద్దు, ఆ మందులతో లివర్ దెబ్బతినే ప్రమాదం ఉంది. గవర్నమెంట్ ఆసుపత్రిలో కళ్ళె పరీక్ష ఫ్రీ.

పెద్దాయనకి చెప్పకుండా దాచడం గురించి: నా మట్టుకు చెప్పెయ్యడమే మేలు, పిల్లలు వంటింట్లో గుసగుసలాడితే ఆయన ఇంకా పెద్దదే ఊహించుకుంటారు. ఉన్నదున్నట్టు, చిన్న మచ్చ కనబడింది, ఫలానా నెలలో మళ్ళీ చూస్తారు, అంతవరకు చుట్ట మానెయ్యి నాన్నా, అని చెప్పండి.

బరంపురం ఎంకేసీజీకి వెళ్ళినా వైజాగ్ కేజీహెచ్‌కి వెళ్ళినా, రెండూ గవర్నమెంట్ ఆసుపత్రులే, హెల్త్ కార్డు ఏ రాష్ట్రానిదో, అక్కడ చెల్లుతుందో లేదో ముందే ఫోన్ చేసి కనుక్కోండి, కౌంటర్ దగ్గర నిలబడ్డాక తెలిస్తే ఆ రోజు పోయినట్టే.